తాళం వేసిన బియ్యం

పోయిన నెలలో ఒకాయన కొవ్వూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను చదివిన హైస్కూల్లోనే నా తర్వాత చాలా ఏళ్ళకు చదువుకున్నాయన. ఇప్పుడు భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. పూర్వ విద్యార్థులంతా కలిసి పెద్ద సభ పెడుతున్నారట, దానికో ప్రత్యేక సంచిక వేస్తున్నారట, మా రోజుల వాళ్ళలో తెలుగు టీచరుగా రిటైరైనదాన్ని నేనొక్కదాన్నే దొరికానట. "మీ టైములో స్కూలు పిల్లలే ఊరూరా బుర్రకథ చెప్పి తుఫాను బాధితులకి బియ్యం, బట్టలు పోగుచేశారంట కదండీ మేడం. అది రాయండి. ఇప్పటి పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది. ఒక్క పేజీ చాలండి," అన్నారు. జరిగింది జరిగినట్టు రాయనా అని అడిగాను. ఆయన టీ కప్పు కింద పెట్టి నవ్వారు. "జరిగిందే రాయండి మేడం. కాకపోతే కాస్త పాజిటివ్‌గా. అదే రోజున పెద్ద మాస్టారి విగ్రహం కూడా ఆవిష్కరిస్తున్నామండి."

ఆయన వెళ్ళిన దగ్గర్నించీ నాకు చిరాకు తగ్గలేదు. రెండుసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన అడిగిన పేజీ రాయడం కష్టమేమీ కాదు. పిల్లలం కష్టపడ్డాం, జనం చేతనైనంత పెట్టారు, అదంతా నిజమే. అయితే అక్కడ ఆపేస్తే ఆ నిజం కాస్తా అబద్ధమైపోతుంది. సంచికకి ఏదో ఒకటి పంపిస్తానో, అసలు పంపించనో తెలీదు. ఇక్కడ మాత్రం మొత్తం రాసుకుంటాను.

మాది మొగల్తూరు అవతల, వరిచేలకీ సముద్రానికీ మధ్యన ఉన్న ఊరు. నాన్న మిషను ఎలిమెంటరీ బళ్ళో మాస్టారు. చర్చి వెనక వీధిలో మా పెంకుటిల్లు. తెల్లారకముందే అమ్మ పొయ్యిలో ఊక దట్టించి రాజేసేది. ఆ ఊక పొగ ఘాటు, మామ్మ చుట్ట వాసన, పక్కింటి చూరు కింద ఆరబెట్టిన ఎండు రొయ్యల వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి గోడ వారనున్న మట్టికుండలో వేసేది. అది చర్చికి. మా చర్చిలో ఆడవాళ్ళందరూ చేసే పనే అది, ఆదివారం నాడు అందరి కుండలూ ఒకచోట ఒంపితే ఎవరో ఒక ముసలావిడకి వారం గడిచేది. ఇంట్లో బియ్యం నిండుకునే రోజుల్లో కూడా అమ్మ ఆ పిడికెడు మానేది కాదు. పిడికిలి కాస్త చిన్నదయ్యేది, అంతే. మామ్మ అరుగు మీద కూర్చుని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ వచ్చేపోయే వాళ్ళని పలకరించేది. శ్రమదినాలు వస్తే ఈస్టరు దాకా చుట్ట మానేసేది, దాంతో ఆ దినాలు మామ్మకంటే మాకే ఎక్కువ శ్రమగా ఉండేవి. ఆవిడ నోటికి దేవుడు తప్ప అందరూ భయపడేవారు.

మంగ రోజూ మా ఇంటి మీదుగానే బడికి వెళ్ళేది. మంగతాయారు దాని పూర్తి పేరు. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాలెం వాళ్ళది. తండ్రి వేటకి వెళ్ళేవాడు, తల్లి సత్తెమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని మా ఊళ్ళన్నీ తిరిగేది. పొద్దున్నే మంగ ఆ బురద దారంతా నడిచొచ్చి మా నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, జడ తడిమి చూసుకుని, "విమలా, నా దగ్గర నీసు వాసనొస్తందా?" అని అడిగేది. రావటం లేదనేదాన్ని. అమ్మ దానికో గ్లాసుడు మజ్జిగ ఇచ్చేది. ఆ పాలెం నుంచి ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల అదొక్కతే. సెలవు రోజుల్లో తల్లితో కలిసి వీధుల్లో కేకేసి చేపలమ్మేది కాబట్టి కాబోలు, దాని గొంతు నాలుగు వీధుల అవతలికి వినపడేది. ప్రార్థన గీతం మంగ ఎత్తుకుంటే ఇక మైకు అక్కర్లేదని మా తెలుగు మాస్టారు సోమయాజులు గారు అనేవారు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా గాలివాన వచ్చింది. మా వీధిలో పెంకులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు పడిపోయాయి, చేలల్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. పాలెంలో అయితే ఇళ్ళే లేవు. మనుషులు ముందే ఎత్తుకి వెళ్ళబట్టి ప్రాణాలు దక్కాయి గాని తాటాకిళ్ళు, వలలు, వంట గిన్నెలు అన్నీ ఉప్పెన పట్టుకుపోయింది. సర్కారు వాళ్ళు కొన్నాళ్ళు గంజి పోసి వెళ్ళిపోయారు. మంగ వాళ్ళు కాలవ గట్టు మీద నాలుగు కమ్మలు వాల్చుకుని ఉండేవారు. చేలు ఉప్పుబారాయి కాబట్టి కూలిపనులు లేవు, వలలు లేవు కాబట్టి వేట లేదు.

మా హెడ్మాస్టరు గారిని ఊరంతా పెద్ద మాస్టారు అనేవారు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, గంట కొట్టే వేళకి గేటు దగ్గర నిలబడేవారు. కూలిపోయేటట్టున్న బడికి ఊళ్ళో రైతుల చుట్టూ తిరిగి ప్రహరీ కట్టించిన మనిషి. బడి పిల్లలు పాలెం వాళ్ళకి సాయం చెయ్యాలన్న ఆలోచన కూడా ఆయనదే. ఊరికే అడిగితే ఎవరు పెడతారు, ఏదైనా కళారూపం ఉండాలన్నారు. సోమయాజులు గారు ముక్కుపొడుం పీల్చుకుని, వారం తిరక్కుండా ఉప్పెన మీద బుర్రకథ రాసిచ్చారు. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేది మంగ. ఇటూ అటూ గుమ్మెటలు వాయించే వంతలు ఇద్దరం. రైతు కుటుంబం పిల్ల సీత రాజకీయం వంత, నేను హాస్యం వంత. హాస్యం వంతకి పని ఒకటే, ఏమీ తెలియనట్టు ప్రశ్నలడగడం.

సాధన మా అరుగు మీద జరిగేది. బళ్ళో అయితే మగపిల్లలు కిటికీల్లో వేలాడుతూ వెక్కిరించేవారు. సీత వాళ్ళ బాబాయి గారి జరీ కండువాలు తెచ్చి తలపాగాలు చుట్టుకున్నాం, మా అన్నయ్య పాత లాల్చీలు వేసుకున్నాం. మామ్మ చుట్ట పక్కన పెట్టి మరీ చూసేది. ఒకరోజు మాస్టారు రాసిన వరసలో 'దిక్కులేని దీనులు' అన్న చోట మంగ ఆగిపోయింది.

"ఏమ్మా, మర్చిపోయావా?" అన్నారు మాస్టారు.

"లేదండి. దిక్కులేని దీనులు అనొద్దండి మాస్టారండీ. మా అమ్మ వింటే కొడతాదండి."

మాస్టారు పెన్సిలు తీసి ఆ ముక్క కొట్టేసి 'ఇల్లు పోయిన మనవాళ్ళు' అని రాశారు. మంగ మళ్ళీ తంబురా భుజానికెత్తుకుంది. తన ఇల్లు కొట్టుకుపోయిన కథని తనే చెప్పుకుంటున్న పిల్ల ముఖంలో నేను ఏడుపు చూడలేదు. ఒళ్ళంతా చెవులు చేసుకుని తాళం తప్పకుండా చూసుకునేది. దానికి అది పని. వాళ్ళ వాళ్ళకి తిండి తెచ్చే పని.

ఆ పనిలో మేం పొందిన సంతోషం తర్వాత ఏ ఉద్యోగంలోనూ నాకు దొరకలేదు. శనివారం మధ్యాహ్నాలు, ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరేవాళ్ళం. వెనకాల ఎద్దుబండి, దాంట్లో ఖాళీ బస్తాలు. ఊరు మధ్యలో మంగ ఒక్కసారి అందెలు మోగించి తందాన తానా అనేసరికి ఆడవాళ్ళు పొయ్యి మీద కూరలొదిలేసి వచ్చేవారు. కథ అయ్యాక ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చేవారు. ఒక భూస్వామి గారి తల్లి పెట్టె అడుగున దాచుకున్న పట్టుచీర తెచ్చి, "ఇది ఎవరైనా పెళ్ళికూతురికి ఇవ్వండమ్మా" అంది. ఒక కూలి మనిషి ఆ రోజు తనకి కొలిచిన కూలిగింజల్లోంచే దోసెడు బస్తాలో పోసి, మేం చూస్తున్నామని సిగ్గుపడి గబగబా వెళ్ళిపోయింది. ఎవరో కంచుగ్లాసు ఒకటే ఇచ్చారు. ఇచ్చినవాళ్ళెవరూ పేరు చెప్పలేదు, చెప్పమని మేం అడగలేదు. బండి నిండి, చీకటి పడకముందే ఇళ్ళకి చేరాలని ఎడ్లని అదిలిస్తుంటే మంగ బస్తాల మీద కూర్చుని, "ఇయ్యి చాలు విమలా. కొత్త పంట వరకూ మావోళ్ళకి ఇయ్యి చాలు," అనేది.

తెచ్చినవన్నీ మా తరగతి పక్కనున్న సైన్సు గదిలో పెట్టించి పెద్ద మాస్టారు తాళం వేశారు. మంచి పనే చేశారనుకున్నాం, దొంగల భయం ఉండేది. మర్నాడు ప్రార్థనలో చెప్పారు: జిల్లా నుంచి ఒక పెద్దాయన వస్తారు, ఆయన చేతుల మీదుగా సభలో పంపిణీ జరుగుతుంది, అంతవరకూ ఎవరూ ఆ గది జోలికి వెళ్ళకూడదు. మేం చప్పట్లు కొట్టాం. తేదీ దగ్గర పడ్డాక ఆ పెద్దాయనకి జ్వరమన్నారు. ఇంకో తేదీ పెట్టారు, ఆయన హైదరాబాదు వెళ్ళారన్నారు. మూడోసారి వాయిదా పడినప్పుడు కారణం కూడా చెప్పలేదు. ఈలోగా ముసురు పట్టింది. ఆ గది కప్పు గాలివానకి దెబ్బతిన్నదే. మొదట చెమ్మ వాసన, తర్వాత ముక్కిన బియ్యం వాసన మా తరగతిలోకి రావడం మొదలైంది. లెక్కలు చెబుతున్న మాస్టారు కిటికీ మూయించేవారు. మంగ గోడ పక్క బల్ల మీద కూర్చునేది. పొద్దున తినకుండా వచ్చిన పిల్ల, గోడ అవతల తను పాడి తెచ్చిన బియ్యం కుళ్ళుతున్న వాసన పీలుస్తూ లెక్కలు చేసుకునేది. ఇది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

సీతా నేనూ ధైర్యం చేసి పెద్ద మాస్టారి గదికి వెళ్ళాం.

"మాస్టారండీ, బియ్యం పాడవుతున్నాయండి. వాసనొస్తోందండి," అన్నాను.

"తెలుసమ్మా. తేదీ ఖాయమవుతోంది."

"ముందు బియ్యం ఇచ్చేసి, బట్టలు ఆయనొచ్చాక ఇవ్వొచ్చు కదండీ?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "ఇచ్చేస్తే ఆయనెందుకొస్తారమ్మా? ఆయనొచ్చి మన పిల్లల సేవ కళ్ళారా చూస్తే బడికి రెండు గదులు వస్తాయి. రేపు ఆ గదుల్లో కూర్చునేది ఆ పాలెం పిల్లలే. చిన్నపిల్లలు, మీకు తెలీదు. వెళ్ళండి." ఆకలి ఇవాళ్టిది, గదులు రేపటివి అని ఇప్పుడైతే అంటాను. అప్పుడు తట్టలేదు.

ఒక సాయంత్రం సత్తెమ్మ మంగని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. గంప లేకుండా ఆవిడని చూడ్డం అదే మొదలు. అరుగు కిందే నిలబడి, "మాస్టారుగోరూ, పిల్లలు ఊరూరా తిరిగి అడిగి తెచ్చింది మాకేనా అండి? మాకే అయితే ఎప్పుడిత్తారండి?" అని అడిగింది. నాన్న అప్పటికే రెండుసార్లు పెద్ద మాస్టారిని కలిసి వచ్చారు. "ఇంకో వారం అంటున్నారు సత్తెమ్మా," అన్నారు నేల చూస్తూ.

"వారమా? ఆ తాళం పగలగొట్టే మగాడే లేడా ఈ ఊళ్ళో?" అంది మామ్మ.

"అలా ఎలా అమ్మా? ఆయన బడి, ఆయన బాధ్యత. పెద్దాయన వచ్చేదాకా..."

"పెద్దాయనకి పొద్దున్నే కాఫీ దొరికుంటుంది. అందుకే తొందర లేదు."

అమ్మ లోపలికెళ్ళి పిడికెడు బియ్యం కుండ ఎత్తుకొచ్చి సత్తెమ్మ చెంగులో మొత్తం ఒంపేసింది. సత్తెమ్మ వద్దనలేదు, దండమూ పెట్టలేదు. చెంగు ముడేసుకుని, "ఎల్తానమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ ఆదివారం మా ఇంటి నుంచి చర్చికి బియ్యం వెళ్ళలేదు. ఎందుకు తేలేదని పాస్టరమ్మ అడిగితే, "ఈ వారం దారిలోనే ఇచ్చేశానండి," అంది అమ్మ.

చివరికి సభ జరిగింది. ఎండ మళ్ళీ మొదలైన రోజులు. పాలెం వాళ్ళని పొద్దున్నే బళ్ళ మీద తెచ్చి మైదానంలో వరసగా కూర్చోబెట్టారు. గది తాళం తియ్యలేదు, బస్తాలు బయటపెట్టలేదు. పెద్దాయనే తాళం తీస్తారట, అది కూడా కార్యక్రమంలో భాగమేనట. మధ్యాహ్నమైనా కారు రాలేదు. ముసలివాళ్ళు తలల మీద గుడ్డలు కప్పుకున్నారు, పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. మేం వేషాలేసుకుని వేదిక వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డాం. పెద్ద మాస్టారు మంగ దగ్గరికి వచ్చి, "కథ అయిపోగానే నువ్వు ఆ తలపాగాతోనే రామ్మా. మొదటి చీర నీకే ఇప్పిస్తాను. చెప్పిన పిల్లే తీసుకుంటే చూసేవాళ్ళకి బాగుంటుంది," అన్నారు. ప్రేమగానే అన్నారు.

"నేను కథ చెప్పడానికొచ్చానండి. తీసుకోవడానికి మా అమ్మ వొచ్చిందండి," అంది మంగ.

ఆయన విననట్టే వెళ్ళిపోయారు. కాసేపటికి కారు వచ్చింది. దండలు, స్వాగతాలు అయ్యాక మమ్మల్ని పిలిచారు.

కథ ఎప్పుడూ చెప్పినంత బాగా చెప్పింది మంగ. ఇంకా బాగా చెప్పింది. ఆ కథ తమదేనని తెలిసిన జనం ముందు చెప్పడం అదే మొదటిసారి. పాలెం ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ముగింపు వచ్చింది. "అక్కా, ఆ తర్వాత ఏమైందక్కా?" అని నేను అడగాలి, "దాతలు ముందుకొచ్చిరి, ధర్మమే గెలిచెను" అని మంగ అందుకోవాలి. అడిగాను. మంగ తంబురా మీద వేళ్ళు ఆపేసింది.

"ఆ తర్వాత బియ్యమొచ్చినాయి చెల్లీ."

ఇది మాస్టారు రాసిన మాట కాదు. కానీ హాస్యం వంతకి అలవాటు ఒకటే కదా, నోరు దానంతటదే అడిగేసింది. "ఎక్కడికొచ్చినాయక్కా?"

"అదిగో, ఆ గదిలోకొచ్చినాయి."

"మరి గదిలోంచి పొయ్యి మీదికి ఎప్పుడొస్తాయక్కా?"

"తాళం తియ్యాలి చెల్లీ."

"తాళం ఎవరి దగ్గరుందక్కా?"

"పెద్దల దగ్గరుంది చెల్లీ. పెద్దలకి తీరిక లేదు. పురుగులకి తీరికుంది, అయ్యి తింటన్నాయి."

పాలెం వాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. పొద్దుట్నించీ ఎండలో కూర్చున్న మనుషులు, నెలల తరబడి నవ్వని మనుషులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. సత్తెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సీత ఎంత తెలివిగలదో అప్పుడే తెలిసింది నాకు. అదంతా కథలో ఉన్నట్టే గుమ్మెట దడదడలాడించి తందాన తానా అని ముగించేసింది. సోమయాజులు గారు తల దించుకుని ముక్కుపొడుం డబ్బీ మూత తిప్పుతున్నారు. పెద్ద మాస్టారి ముఖం నల్లబడింది. పెద్దాయన మాత్రం పక్కనున్న ఆయనతో ఏదో మాట్లాడుతున్నవారల్లా జనం నవ్వు విని ఇటు తిరిగారు, తనూ నవ్వారు, గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాత ఉపన్యాసంలో, పిల్లలు కడుపుబ్బ నవ్వించారని మెచ్చుకున్నారు. మా ముగ్గురికీ తలో పెన్నూ ఇచ్చారు. తాళం తీశారు. బస్తాలు విప్పిన ఆడవాళ్ళు గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. వద్దని ఎవరూ అనలేదు. మోసుకెళ్ళి చాటల్లో పోసి పురుగులు ఏరుకుని ఎండబెట్టుకుని తిన్నారు. ఆ పట్టుచీర మడతల్లో చెమ్మకి చీకిపోయింది.

మర్నాడు పెద్ద మాస్టారు ముగ్గుర్నీ పిలిచారు. సీతని ఏమీ అనలేదు. వాళ్ళ నాన్న బడి కమిటీలో ఉన్నారు. "మీ నాన్నగారి ముఖం చూసి ఊరుకుంటున్నాను," అన్నారు నాతో. మంగతో, "మీ నాన్నని తీసుకురా. క్షమాపణ చెప్పాకే క్లాసులో కూర్చో," అన్నారు.

"అడిగింది నేనేనండి. ముగ్గురం అన్నామండి," అన్నాను.

"నువ్వు అడిగావు. అన్నది ఆ పిల్ల. క్లాసుకెళ్ళు."

మంగ తండ్రి అప్పటికి వేరేవాళ్ళ పడవ మీద పనికి కాకినాడ వైపు వెళ్ళాడు. సత్తెమ్మ వచ్చింది. వరండాలో మాకు అన్నీ వినపడుతున్నాయి.

"నా కూతురు అబద్ధమాడిందాండి?"

"నిజమా అబద్ధమా అని కాదమ్మా. పెద్దల దగ్గర మర్యాద ఉండాలి."

"ఆయ్. మర్యాద మాకూ ఉందండి," అని కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. మంగ వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నిలబడ్డాను. చూడలేదు.

నాన్న రెండుసార్లు పాలెం వెళ్ళి బతిమాలారు. సోమయాజులు గారు ఆయాసపడుతూ అంత దూరం నడిచి వెళ్ళొచ్చారు. సత్తెమ్మ కూర్చోమని, కొబ్బరినీళ్ళిచ్చి, మాట మార్చేసింది. ఇటు పెద్ద మాస్టారూ దిగిరాలేదు. ఒక్కమాట, ఏ ఒక్కరు అన్నా సరిపోయేది. అంత చిన్న మాట కోసం అంత మంచి గొంతు, అంత చదువు చేపల గంపలోకి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాదే నర్సాపురం వైపు పెళ్ళి చేసేశారు. బడికి నిజంగానే రెండు గదులొచ్చాయి. బుర్రకథ మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజులే మంచివి అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటి రోజులు బాగున్నాయనేవాళ్ళని చూసినా మండుతుంది. నేను టీచరునయ్యాక పనిచేసిన ప్రతి బళ్ళోనూ అతిథుల కోసం పిల్లలు ఎండలో నిలబడ్డారు, నేను పోట్లాడాను, గొడవ టీచరని పేరు తెచ్చుకున్నాను, పిల్లలు నిలబడుతూనే ఉన్నారు. రాజమండ్రిలో మా మనవరాలి స్కూలు వార్షికోత్సవానికి వెళ్తే, వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో వృద్ధాశ్రమం నుంచి తెచ్చిన ముసలివాళ్ళని కూర్చోబెట్టారు. పిల్లలు మెరుపుల బట్టలేసుకుని డాన్సులు చేశారు, తర్వాత రంగుకాగితం చుట్టిన దుప్పట్లు పట్టుకుని వరసగా ఫోటోలు దిగారు. బాగానే చేశారు పాపం. "ఆ దుప్పటి ఎవరికిచ్చావమ్మా?" అని అడిగాను మా మనవరాలిని. "తెలీదు మామ్మా, మిస్ స్మైల్ చెయ్యమంది," అంది. ఆ దుప్పటి ఆన్‌లైన్‌లో తెప్పించింది మా కోడలు. మాకైతే పెట్టేవాళ్ళ ముఖాలు తెలుసు, తీసుకునేవాళ్ళు తెలుసు, దోసెడు గింజలు పోసిన చెయ్యి తెలుసు. అన్నీ తెలిసీ అవి పురుగులపాలయ్యాయి. ఏది నయమో నేను తేల్చలేను.

విగ్రహం సంగతి మంగకి చెప్పాలనిపించి కిందటి వారం వెళ్ళాను. అప్పుడప్పుడు పెళ్ళిళ్ళలో కలుస్తూనే ఉంటాం గాని ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇంటి ముందు నీడలో పీట మీద కూర్చుని బేసిన్‌లో రొయ్యలు వొలుస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, గొంతు మాత్రం అదే. నాకు కుర్చీ వేయించింది. సంచిక గురించి, విగ్రహం గురించి చెప్పాను. వొలుస్తూనే విన్నది.

"పెట్టనీ. మంచిదే," అంది.

"మంచిదేంటే? నీకు కోపం రావటంలేదా?"

"ఆయన మీదేం కోపం? ఆయనకి గదులు కావాలి, కట్టించుకున్నాడు. మా మనవరాలు పాలెంలో మావోళ్ళింట ఉండి ఆ గదుల్లోనే టెన్త్ చదివింది."

"నీ చదువు పోయింది కదే."

"పోయింది," అంది. ఇంకో రొయ్య తీసుకుని తల తుంచి పక్కన పడేసింది. నాకున్న కోపంలో సగమైనా దానికి లేకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆ మాటే పైకి అనేశాను.

మంగ చేతులు బేసిన్‌లోనే ఆగిపోయాయి. "ఎందుకు లేదు? ఉంది," అంది. "ఆ పెద్దాయన చప్పట్లు కొట్టాడు చూడు, దానికి. ఊరందరి ముందర అంత మాట చెప్పేనా. నవ్వి, చప్పట్లు కొట్టి, పెన్నిచ్చి పోయాడే విమలా. తిట్టుంటే, విన్నాడనుకునేదాన్ని."